కోచ్ స్ట్రౌడ్ చెప్పిన నిజం

కాల్డర్ ఊళ్లో ఫుట్‌బాల్ అంటే వెర్లిన్ స్ట్రౌడే. అమెరికాలోని దక్షిణ జార్జియాలో, వేరుశనగ పొలాల మధ్య ఉన్న చిన్న ఊరు మాది. శనివారం మా కాలేజీ మ్యాచ్ ఉందంటే దుకాణాలు మూతపడేవి. మంగలి కోచ్ దగ్గర డబ్బు తీసుకునేవాడు కాదు. నేను ఆయన జట్టులో ఆడాను, తర్వాత ఆయన కిందే సహాయ కోచ్‌గా చేరాను.

ఆయన చేతిలో కుర్రాళ్లు రాటుదేలేవారు. మండే ఆగస్టు ఎండలో, అమెరికన్ ఫుట్‌బాల్‌కి తొడిగే హెల్మెట్లతో, భుజాల కవచాలతో పరిగెత్తించేవారు. అలసట అనే మాట ఆయనకు గిట్టదు.

ఆ ఏడాది డెషాన్ మాబ్రీ అని కొత్త కుర్రాడు చేరాడు. భారీ మనిషి, మెత్తని మాట. ఒకరోజు సాధనకి ఆలస్యంగా వచ్చాడు. శిక్షగా మైదానం చుట్టూ పరిగెత్తమన్నారు కోచ్. కాసేపటికి వాడు మోకాళ్ల మీద చేతులు ఆనించి ఆగిపోయాడు.

"కోచ్, కాసిని నీళ్లు..."

"నీళ్లు మీ అమ్మ దగ్గరికెళ్లి తాగు. ఇక్కడ పరిగెత్తరా!"

మిగతావాళ్లు నవ్వారు. వాడూ నవ్వబోయాడు. మళ్లీ పరుగు మొదలుపెట్టి, గోల్ స్తంభాల దాకా వెళ్లి బోర్లా పడిపోయాడు.

"లేవరా, నాటకాలాడకు!" అని అరిచారు కోచ్.

నేను పరిగెత్తుకెళ్లి పట్టుకుంటే ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఐసు నీళ్లలో పడుకోబెట్టాం, ఆస్పత్రికి చేర్చాం. మర్నాడు ప్రాణం పోయింది.

కాలేజీ అధ్యక్షుడు హాల్‌వర్త్ మమ్మల్నిద్దరినీ పిలిపించాడు.

"కుర్రాడికి ముందునుంచే గుండె జబ్బు ఉండుంటుంది. మేం అదే చెప్తాం. నువ్వు మాత్రం నోరు మెదపకు, వెర్లిన్. నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

కోచ్ టోపీ తీసుకుని లేచారు. బయటికొచ్చి కారెక్కాక, "రోయ్స్, ఆ పిల్లాడి ఇంటికి పోనివ్వు," అన్నారు.

డెషాన్ తల్లి ఒడెస్సా వరండాలో కూర్చుని ఉంది. చర్చి ఆడవాళ్లు తెచ్చిన వంటల గిన్నెలు మూత తీయకుండానే ఉన్నాయి. కోచ్ టోపీ తీసి మెట్ల దగ్గరే నిలబడ్డారు.

"వాడికి గుండె జబ్బని చెప్తారమ్మా. నమ్మకండి. నీళ్లడిగాడు, నేను ఇవ్వనివ్వలేదు. పడిపోతే నటిస్తున్నాడనుకున్నాను."

ఆమె ముందుకు వంగింది.

"ఏమని అడిగాడు?"

"కాసిని నీళ్లు అన్నాడమ్మా."

"'దయచేసి' అన్నాడా? అలా అడగమని నేర్పాను వాడికి."

"చెప్పనివ్వలేదమ్మా నేను," అన్నారు కోచ్.

"నిజం చెప్పావు కదా అని నిన్ను క్షమించాలా?"

"అక్కర్లేదు."

"అయితే వెళ్లు. ఈ మాటే అందరి ముందూ చెప్పు."

కుర్రాడి చావు మీద జరిగిన విచారణలో కోచ్ అలాగే చెప్పారు. కాలేజీ ఆయన్ని తీసేసింది. కుర్రాడు పోయినందుకు పెద్దగా మాట్లాడని ఊరు, ఆయన నోరు విప్పినందుకు మండిపడింది. "కాలేజీ పరువు బజారుకీడ్చాడు" అని మంగలే నా ముఖం మీద అన్నాడు. చర్చిలో ఆయన పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. చివరికి ఇల్లు అమ్ముకుని, తమ్ముడి వేరుశనగ పొలంలో పనికి వెళ్లిపోయారు.

కొన్నేళ్లకు పక్క జిల్లా కాలేజీ నన్ను ప్రధాన కోచ్‌గా తీసుకుంది. సాధనలో నీళ్ల విరామం తప్పనిసరి చేశాను. ఆయన్ని సహాయకుడిగా రమ్మని అడగడానికి పొలానికి వెళ్లాను. ట్రాక్టర్ ఆపి దిగారు. బాగా చిక్కిపోయారు.

"మీకు తెలిసినంత ఆట ఇంకెవరికి తెలుసు, కోచ్? రండి."

"రాలేను రోయ్స్."

"జనం ఏమంటారనా?"

"జనం కాదురా. ఇప్పటికీ ఎవడైనా పడిపోతే, నటిస్తున్నాడేమోననే ముందు అనిపిస్తుంది నాకు. మొన్న మా తమ్ముడు కాలు జారి పడ్డా అదే అనిపించింది. ఆ బుద్ధితో మళ్లీ పిల్లల మధ్యకి ఎలా రమ్మంటావ్?"

ఉడకబెట్టిన వేరుశనగలు ఒక సంచిలో పోసి ఇచ్చి, ఆయన మళ్లీ ట్రాక్టర్ ఎక్కారు.