తీగకు తగిలిన టిప్పర్

మల్సూర్‌కు సొంత టిప్పర్ ఉంది. కోదాడ వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు కొన్నేళ్లు కిరాయికి తిప్పి, ఇప్పుడు గరిడేపల్లి చుట్టుపక్కల ఇళ్ల జాగాలకు మొరం మట్టి పోస్తున్నాడు. ఆ రోజు జితేందర్ అనే రైతు కట్టుకోబోయే కొత్తింటి దగ్గర పని. జాగా మల్సూర్ ఇంటికి దగ్గరే కావడంతో భార్య విజయ అన్నం తెచ్చింది. ఆమె వెంట అత్త బుచ్చమ్మ కూడా వచ్చింది.

జాగాకు ఒక పక్కగా కరెంటు తీగలు పోతున్నాయి. మల్సూర్ దిగి పైకి చూసుకుని, తీగలకు ఇవతలే బండి నిలిపి తొట్టి లేపాడు. వానకు తడిసిన మొరం అతుక్కుపోయి సగమే పడింది. కదిలిస్తే మిగతాది జారుతుందని, తొట్టి దించకుండానే బండిని కాస్త ముందుకు పోనిచ్చాడు. చేయకూడని పని అదే. లేచి ఉన్న తొట్టి అంచు తీగకు తగిలింది.

పెద్ద చప్పుడు. నీలంగా మెరుపు. వెనక టైర్ల కింద నేల చిటపటలాడింది. విజయ గిన్నెలు పడేసి ఉరికింది.

"ఆగు విజయా, ఆడనే ఆగు," అన్నాడు మల్సూర్ కిటికీలోంచి. "లోపలున్నంతసేపు నాకేం కాదు. బండి దగ్గరికొస్తే నువ్వు పోతవ్. ఎవ్వర్నీ రానియ్యకు."

విజయ ఆగింది. బండి వైపు వీపు తిప్పి, వచ్చేవాళ్లకు అడ్డంగా నిలబడింది. ఏడుస్తూ వస్తున్న బుచ్చమ్మ మణికట్టు దొరకబుచ్చుకుంది. కొడుకు చస్తుంటే చూస్తూ నిలబడతావా అని అత్త తిట్టింది, గుంజుకుంది, గోళ్లతో గీరింది. విజయ వదల్లేదు. పట్టు సడలించకుండానే, లైన్‌మన్‌కు ఫోన్ చేసి కరెంటు బంద్ చేయించమని అక్కడే ఉన్న జితేందర్‌కు చెప్పింది.

అతను ఫోన్లో మాట్లాడుతుండగానే చిటపటలు ఆగిపోయాయి. కరెంటు పోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. జితేందర్ బండి వైపు కదిలాడు.

విజయ అడ్డం వచ్చింది. "ఆయన చెప్పలే. చెప్పేదాంక ఎవ్వరు పోవద్దు."

ఆ మాట పూర్తవుతూనే తీగ మళ్లీ భగ్గుమంది. ఆగిన కరెంటు దానంతటదే తిరిగి వచ్చింది. జితేందర్ వెనక్కి జరిగాడు.

ఇంతలో వెనక టైరు అంటుకుంది. ఇక లోపల ఉండే వీల్లేదు. ఇంకా దూరం పొమ్మని మల్సూర్ అందరికీ చెప్పి, మెట్టు మీదికి వచ్చి, తలుపు వదిలేసి రెండు కాళ్లూ కలిపి దూకాడు. ఒక చేయి బండి మీద, ఒక కాలు నేల మీద ఉంటే ప్రాణం దక్కదని ఫ్యాక్టరీలో డ్రైవర్లకు పెట్టిన క్లాసులో విన్నాడు. నేలలోనూ కరెంటు పాకుతుంది కాబట్టి అడుగు దూరంగా వేయకూడదు. పాదాలు కలిపి ఉంచి, చిన్నచిన్నగా గెంతుతూ వచ్చాడు. మధ్యలో ఒకసారి తూలాడు. విజయ ఒళ్లంతా ముందుకు వంగింది. కాళ్లు మాత్రం కదల్లేదు.

అతను రోడ్డు దాకా వచ్చాకే అత్త చేతిని విజయ వదిలింది. అతని చొక్కా పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది.

కరెంటు ఆపించామని లైన్‌మన్ వచ్చి చెప్పాకే మంటలార్పారు. టైర్లు కాలిపోయాయి తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. చూడవచ్చిన ప్రతివాళ్లకూ తప్పు తనదేనని మల్సూర్ దాచకుండా చెప్పాడు. ఇప్పుడు తొట్టి పూర్తిగా దిగనిదే బండిని కదపడు. తీగలున్న చోట కింద ఒక మనిషిని కాపలా పెట్టనిదే తొట్టి లేపడు.

ఊళ్లో మాత్రం చెప్పుకున్నది విజయ గురించే. బుచ్చమ్మ మణికట్టు వాచి నల్లగా కమిలింది. ఏమైందని ఇరుగుపొరుగు అడిగితే చేయి చాపి చూపించేది.

"నా కోడలు పట్టుకున్నది. ఇడిసిపెడితే నేను పోతుంటి, నన్ను లేపవచ్చినోళ్లు గూడ పోతుండ్రి," అనేది.

విజయ సిగ్గుపడి, అత్త చేతికి మందు రాస్తూ కూర్చునేది.