ఎవరు ఎత్తుకుంటే వాళ్లే దింపాలి

హోబర్ట్ సెలూన్ మెట్లెక్కబోతూ ఆర్లిస్ కూంబ్స్ మళ్లీ ఆగాడు. బాంజో పెట్టెను మెట్టు మీద పెట్టి, మూత కాస్త తెరిచి, చీటీ ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది. ఇంట్లో ఒకసారి, ట్రక్కులో ఒకసారి చూసుకున్నాడు. ఇది మూడోసారి.

చీటీ సంగతి భార్య నెవాకి తప్ప ఎవరికీ తెలియదు. డప్పుకి మెడ తగిలించి తీగలు బిగించినట్టుండే ఆ బాంజో పై అంచున, వాయించేవాడు తల వంచితే కనబడే చోట వేలెడు కాగితం ముక్క అంటించుకున్నాడు. అందులో రెండు పాటల పేర్లు, ఏది ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో, అడుగున పెద్ద అక్షరాలతో ‘మూడు చుట్లు, కాలెత్తు’. యాభై ఏళ్లుగా బాంజో వాయిస్తున్న మనిషి కాలెత్తమని తనకి తానే రాసుకోవలసి వచ్చింది. ఇంతకన్నా సిగ్గుచేటు ఉంటుందా?

హోబర్ట్ సెలూన్‌లో శనివారం మధ్యాహ్నం కత్తెర పక్కన పెట్టేస్తారు. పదహారేళ్లుగా అంతే. కుర్చీలు గుండ్రంగా వేసుకుని సాయంత్రం దాకా బ్లూగ్రాస్, అంటే ఆ కొండల తీగవాద్యాల పాటలు, వాయించుకుంటారు. వినేవాళ్లు ఎవరూ ఉండరు, ఉండనక్కర్లేదు. ఆ గుండ్రానికి రూలు ఒకటే: పాట ఎవరు ఎత్తుకుంటే వాళ్లే దింపాలి. ఎత్తుకున్నవాడు మొదట వాయించి, కళ్లతో పక్కవాడికి వంతు ఇస్తాడు. వంతు చుట్టూ తిరిగి తిరిగి తన దగ్గరికి వచ్చినప్పుడు, ఇక చాలనుకుంటే, ఆఖరి వరస వాయిస్తూ ఒక కాలు పైకెత్తుతాడు. అది చూసి అందరూ ఒక్కసారే ఆగుతారు. ఇంకొకరి పాటకి మనం కాలెత్తడమంటే పక్కవాడి కంచంలో చెయ్యి పెట్టినట్టే. ఆ కొండల్లో ఎంత తాగుబోతైనా ఆ పని చేయడు.

ఫిబ్రవరి నుంచి ఆర్లిస్ బుర్ర మొరాయిస్తోంది. ఒకరోజు చర్చికని బయల్దేరి, మూతపడిన రంపపు మిల్లు ముందు ట్రక్కు ఆపుకుని గంటసేపు కూర్చున్నాడు. ఎందుకొచ్చాడో తెలియలేదు. నెవా డాక్టరు దగ్గరికి వెళ్దామని పోరుతూనే ఉంది.

“డాక్టరుకి తెలిస్తే ఊరికి తెలుస్తుంది. ఊరికి తెలిస్తే హోబర్ట్‌కి తెలుస్తుంది” అన్నాడు ఆర్లిస్.

“తెలిస్తే ఏమయ్యా? నిన్ను తినేస్తారా?”

“కుర్చీ తీసేస్తారే.”

“నీకెవరు చెప్పారు?”

ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడేళ్ల కిందట కుర్చీ తీసేసింది తనే.

అప్పట్లో ఫిడేలు వాయించేది క్లైడ్. కొండ కింది నుంచి కొండ మీద దాకా అలాంటి చెయ్యి లేదు. కానీ ఆ శరదృతువులో ‘తడిసిన కట్టెలు’ అనే పాట ఎత్తుకుని, రెండో భాగం మర్చిపోయి, మొదటి భాగమే వాయించుకుంటూ పోయాడు. రెండు వారాలు వరసగా అదే జరిగింది. పాట మధ్యలో కూలబడింది. మిగతావాళ్లు నేల చూపులు చూశారు. ఆర్లిస్ మాత్రం క్లైడ్ వెంట మెట్ల దాకా వెళ్లి, భుజం మీద చెయ్యేసి, “ఇక చాల్లే క్లైడ్, ఇంటి పట్టున ఉండు. పాట పాడైపోతోంది” అన్నాడు. క్లైడ్ సరేనన్నాడు. మంచు కరిగేలోపే పోయాడు. ఆర్లిస్ అంతటితో ఆగి ఉంటే బాగుండేది, కానీ అంత్యక్రియల్లో క్లైడ్ పాటే వాయించాడు కూడా. ఏం మనిషి!

ఆరు నెలల తర్వాత క్లైడ్ కూతురు డెల్లా, తనకన్నా పొడుగ్గా ఉన్న బేస్‌ను, నిలబడి వాయించే పెద్ద ఫిడేలును, వాటేసుకుని లోపలికొచ్చి, మాట్లాడకుండా గుండ్రంలో నిలబడింది. అప్పటినుంచీ వస్తూనే ఉంది. ఆ మాట అన్నది ఎవరో ఆమెకి తెలుసో లేదో, అడిగే దమ్ము ఆర్లిస్‌కి లేకపోయింది.

లోపలికి వెళ్తే అంతా ఎప్పట్లానే ఉంది. గల్లా పక్కన డెల్లా తెచ్చిన చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె. గిటారు మనిషి రాయిస్ అప్పుడే మూతి నిండా కూర పూసుకుని ఉన్నాడు. హోబర్ట్ ఫిడేలు శ్రుతి చేసుకుంటున్నాడు.

“రా రా ఆర్లిస్! నీ బాంజో శ్రుతి కలిసేలోపు నా జుట్టంతా ఊడిపోయింది.”

“అది పుట్టినప్పుడే ఊడింది కదరా. గుండు వాడి దగ్గర క్షవరం చేయించుకుంటున్నాం, మా ఖర్మ.”

డెల్లా నవ్వింది. ఆర్లిస్‌కి ప్రాణం కుదుటపడింది. గోడ అద్దానికి వీపు పెట్టి తన కుర్చీలో కూర్చున్నాడు.

తను ఎత్తుకున్న మొదటి రెండు పాటలూ చీటీలో ఉన్నవే. తల వంచి చదువుకుని ఎత్తుకున్నాడు, చుట్లు లెక్కపెట్టుకున్నాడు, మళ్లీ చదువుకుని కాలెత్తాడు. “చూశారా, కుక్క కూడా ఇంత అందంగా ఎత్తదు” అన్నాడు హోబర్ట్. మిగతావాళ్ల పాటలకి ఏ భయమూ లేదు. ఎత్తడం దింపడం వాళ్లది, వాయించడమే తనది. రాయిస్ గిటారు గుర్రంలా పరిగెడుతుంటే, కింద నుంచి బేస్ మోత పాదాల్లోకి ఎక్కుతుంటే, హోబర్ట్ కళ్లెగరేసి వంతు అందిస్తే, అబ్బ, ఆ నిమిషంలో ఆర్లిస్‌కి మిల్లు లేదు, ఫిబ్రవరి లేదు, మతిమరుపు లేదు. వేళ్లు వాటంతట అవే నవ్వుతున్నట్టుండేవి. దీన్ని పోగొట్టుకుని తను బతకలేడు. అదీ భయం.

మళ్లీ పాట ఎత్తుకునే వంతు తనకి వచ్చింది. చీటీ అయిపోయింది. ఏదో వంక చెప్పి రొట్టె కోసం లేవబోయాడు.

“‘తడిసిన కట్టెలు’ ఎత్తుకో బాబాయ్” అంది డెల్లా.

లేవబోతున్న ఆర్లిస్ అలాగే కుర్చీలో కూలబడ్డాడు. క్లైడ్ పోయాక ఆ పాట ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు. డెల్లా నవ్వడం లేదు, సూటిగా చూస్తోంది. అయితే ఈమెకి తెలుసు. మూడేళ్లూ తెలుసు.

“అది... పాతదమ్మా. చాన్నాళ్లయింది.”

“నీ వేళ్లకి తెలుసుగా. ఎత్తుకో.”

తప్పించుకునే దారి లేదు. తీగల మీద వేళ్లు పెట్టాడు. వేళ్లకి నిజంగానే తెలుసు. మొదటి భాగం గలగలా వచ్చింది, రెండో భాగం దానికంటే బాగా వచ్చింది. హోబర్ట్ అందుకున్నాడు, రాయిస్ అందుకున్నాడు. డెల్లా కూడా బేస్ మీద ఒక చుట్టు వాయించింది. మళ్లీ తన దగ్గరికి వచ్చింది, మళ్లీ వెళ్లింది. ఇది రెండో చుట్టా, నాలుగోదా? చీటీ వైపు చూశాడు. అక్షరాలు కనబడ్డాయి గానీ అవి ఏం చెబుతున్నాయో అందలేదు. పాట ఆపడానికి ఏదో చేయాలి. ఒంటితో చేసేది ఏదో ఉంది. తలతోనా? చేత్తోనా? ఏమిటది?

ఎదురుగా గిటారు వాయిస్తున్న మనిషి బాగా తెలిసినవాడే, కానీ పేరు రాలేదు. వేళ్లు మాత్రం ఆగడం లేదు. ఆపితే పాట కూలుతుంది, కూలితే తనకీ క్లైడ్ గతే. ఆపకపోతే రాత్రి దాకా ఇలాగే. వంతు వచ్చినప్పుడల్లా వాయించి పక్కకి చూపు విసురుతున్నాడు, మునిగిపోయేవాడు చెయ్యి ఊపినట్టు. ఎవరూ ఆగడం లేదు. హోబర్ట్ మొహం ఎర్రబడింది. గిటారు మనిషి మణికట్టు విదిలించుకుంటూ వాయిస్తున్నాడు. తనని చూసి నేల చూపులు చూడడం లేదు, అదే వింతగా ఉంది. దేవుడా, ఎవరైనా ఆపండి, అనుకున్నాడు ఆర్లిస్.

మళ్లీ వంతు తన దగ్గరికి వచ్చినప్పుడు, బేస్ వెనకనుంచి ఒక బూటు గాల్లోకి లేచింది. డెల్లాది. ఇంకొకరి పాటకి! మరుక్షణం హోబర్ట్ కాలు లేచింది, రాయిస్ కాలు లేచింది. మూడు కాళ్లు చూశాక ఆర్లిస్‌ది కూడా దానంతట అదే లేచింది. పాట ఒక్క దెబ్బకి ఆగింది.

“పదకొండు చుట్లు” అన్నాడు హోబర్ట్ భుజం పిసుక్కుంటూ. “ఈ చెయ్యి ఇక నాది కాదు.”

ఆర్లిస్ తలెత్తలేదు. “నాకు ఆపడం గుర్తు రాలేదురా. నీ పేరు కూడా రాలేదు రాయిస్” అన్నాడు.

“తెలుసులే అన్నా. ఏప్రిల్ నుంచీ తెలుసు” అన్నాడు రాయిస్.

“ఎవరు చెప్పారు? నెవానా?”

“ఇది సెలూన్ రా బాబూ” అన్నాడు హోబర్ట్. “నాలుగు గోడలకీ అద్దాలే, నీ వీపు వెనక కూడా. నువ్వు చీటీ చదివినప్పుడల్లా మేమూ చదువుకుంటున్నాం.”

ఆర్లిస్ బాంజోను ఒళ్లోంచి తీసి పెట్టెలో పెట్టబోయాడు. అంతకన్నా ముందు చెప్పాల్సింది ఒకటుంది. “డెల్లా, మీ నాన్నని రావద్దన్నది నేనే.”

“తెలుసు బాబాయ్. ఆ రోజు నాన్నని తీసుకెళ్లడానికి వచ్చి కార్లో కూర్చుని ఉన్నా. అంతా విన్నా.” ఆమె బేస్ మెడను రెండు చేతులతో పట్టుకుంది. “ఆ మాటే నీకు తిరిగి చెబుదామని ఇవాళ ఈ పాట అడిగా. నువ్వు తడబడగానే చెప్పాలని ఇంటి దగ్గర అద్దం ముందు చెప్పుకుని మరీ వచ్చా.”

“చెప్పమ్మా. చెప్పాల్సిందే.”

“ఏడో చుట్టులో నీ మొహం చూశా. నాన్న మొహం కూడా అచ్చం అలాగే ఉండేది, ఇంట్లో.” ఆమె కళ్లు తుడుచుకుంది. “నాన్న కాలు ఎవరో ఒకరు తొక్కి ఉంటే సరిపోయేది బాబాయ్. అంతే. అంతమాత్రం చాలేది.”

రాయిస్ రొట్టె ముక్కను చేతిలోనే నలిపేశాడు.

డెల్లా వచ్చి ఆర్లిస్ కుర్చీని అతనితో సహా ఈడ్చి బేస్ పక్కకి చేర్చింది. “ఇకనుంచి నీ చోటు ఇది. దింపాల్సినప్పుడు తొక్కుతా. గట్టిగానే తొక్కుతా, చెబుతున్నా.”

“తొక్కు తల్లీ” అన్నాడు ఆర్లిస్. క్లైడ్ భుజం మీద వేసిన ఆ చేత్తోనే బాంజోను మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు.

“మళ్లీ అదే ఎత్తుకో” అంది. “ఈసారి మూడే చుట్లు.”

భయం ఎక్కడికీ పోలేదు. మొదటి భాగం వాయిస్తూ ఉండగానే లెక్క తప్పింది, గిటారు మనిషి పేరు మళ్లీ జారిపోయింది. అయినా ఎడమ పక్క నుంచి బేస్ మోత పాదంలోకి వస్తూనే ఉంది. ఎంతసేపయిందో తెలియదు, మడమ ఒకటి అతని బూటు మీద దబ్బున పడి లేచింది. అమ్మో అనుకుంటూ ఆర్లిస్ కాలెత్తాడు.