సీమపనస చెట్టుకు కట్టిన తాడు

ప్రాస్పర్ హాల్ ఎస్టేట్‌లో మా ముత్తవ్వలు చెరకు నాటడానికి ఎండలో గోతులు తవ్వారు. తవ్వకపోతే కొరడా దెబ్బలు. ఇప్పుడు పాతకాలం ఆనవాళ్ల కోసం అదే నేలను తవ్వడానికి ఇంగ్లండు నుంచి మనుషులు సొంత డబ్బు పెట్టుకుని విమానమెక్కి వస్తున్నారు. సాయంత్రానికి మెడలు ఎర్రగా కాలిపోయినా, ఎంత బాగుందో అనుకుంటూ కొబ్బరినీళ్లు తాగుతారు. ఎవరి సరదా వాళ్లది. వాళ్లు పాతే కొయ్యమేకులు మా సీమపనస చెట్టు వైపు రాకపోయి ఉంటే నేను ఆ గొడవలోకే వెళ్లేదాన్ని కాదు.

ఆ చెట్టు కింద మా అమ్మాయి కెరీన్ బొడ్డుతాడు ఉంది.

మా జమైకాలో బిడ్డకు బొడ్డు ఊడగానే ఒక చెట్టు మొదట్లో పాతిపెడతారు. ఇక ఆ చెట్టు ఆ బిడ్డది. చెట్టు బాగుంటే బిడ్డ బాగుంటుంది. కెరీన్ బొడ్డును మా అత్తగారు మిస్ ఎస్మీ పాతింది. తొమ్మిది రోజుల బాలింతను గడప దాటనివ్వరు కాబట్టి నేను చూడలేదు. ఎస్టేట్ గట్టు మీది సీమపనస అని మాత్రం చెప్పింది. తర్వాత నేను కింగ్‌స్టన్‌లో ఇళ్లలో పనిచేస్తుండగా గిల్బర్ట్ తుఫాను వచ్చింది. పరుగెత్తుకొచ్చి ముందు పిల్ల ఎలా ఉందని, తర్వాత చెట్టు ఎలా ఉందని అడిగాను. "అదిగో, నిలబడే ఉందిగా" అని మిస్ ఎస్మీ వేలు పెట్టి చూపించింది.

అప్పటి నుంచి నా కళ్లు ఆ చెట్టు మీదే. ఆకు పండితే వెళ్లి కెరీన్ నుదురు తాకి చూసేదాన్ని. ఒక కొమ్మ విరిగిన ఏడాది అది లెక్కల పరీక్ష తప్పింది. ఇప్పుడు దానికి ఏడో నెల. ఇంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇలాంటప్పుడు ఎవరో వచ్చి ఆ చెట్టు వేరు తెంపితే?

నేరుగా తవ్వకాల గుడారానికి వెళ్లాను. తవ్వకాలు నడిపించేది డాక్టర్ లిండో, కింగ్‌స్టన్ మనిషి, మందులిచ్చే డాక్టరు కాదు, చదువుల డాక్టరు.

"నేనూ తవ్వుతాను డాక్టరుగారూ. ఊరికే. జీతం వద్దు."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఊరివాళ్లు ఒక్కరైనా రాకపోతారా అని మూడేళ్లుగా చూస్తున్నాం మిస్ డల్సీ!" నా పేరు మూడు కాగితాల మీద రాసుకుని, ఫొటో కూడా తీసుకున్నాడు. నేను వచ్చింది చెట్టుకు కాపలాకని ఆయనకేం తెలుసు!

పని నేర్పించారు. తవ్వకూడదట, తాపీతో గీకాలట. గీకిన మట్టిని జల్లెడ పట్టాలి. గొయ్యి గోడలు కత్తితో కోసినట్టు నిటారుగా ఉండాలి. నా పక్కన మిస్ హిలరీ, బడిపంతులమ్మగా చేసి రిటైరైన ఆవిడ, మోకాళ్ల కింద దిండు వేసుకుని గీకేది.

"మిస్ డల్సీ, మీరు ఇక్కడే పుట్టారా? ఎంత అదృష్టం!"

"మా ముత్తవ్వ కూడా ఇక్కడే పుట్టిందమ్మా. అదృష్టం సంగతి ఆవిణ్ణడగాలి."

ఆవిడ మెడ మరికాస్త ఎర్రబడింది. తర్వాత నా వంతు మట్టి కూడా తనే మోసింది. మంచి మనిషి.

తాపీ పెట్టిన ప్రతిసారీ ఏ ఎముక బయటపడుతుందో, ఎవరి దెయ్యం నా వెంట ఇంటికొస్తుందో అని నా చెయ్యి వణికేది. అందుకే వేలెడు మందం మట్టి తీయడానికి పూట పట్టేది. డాక్టర్ లిండో మాత్రం అందరినీ పిలిచి నా గొయ్యి చూపించాడు. "చూశారా, జాగ్రత్తంటే ఇదీ!"

పింగాణీ పెంకులు, పొగాకు పీల్చే మట్టిగొట్టాల ముక్కలు, గుండీలు దొరికాయి. ఆయన వెతికేవి అవి కావు. బానిసల ఇళ్ల నేల దొరకాలి.

"దొర బంగళా ఎన్ని గదులో పాత కాగితాల్లో ఉంది మిస్ డల్సీ, ఆయన గుర్రాల పేర్లతో సహా. మనవాళ్ల ఇళ్లు ఎక్కడున్నాయో ఒక్క ముక్క లేదు. నేల దొరక్కపోతే ఇక్కడెవరూ కాపురమే చేయలేదన్నట్టు మిగిలిపోతుంది."

ఆ మాటకు నా గుండె చివుక్కుమంది. కానీ మర్నాడే ఆయన తవ్వాల్సిన కొత్త చదరానికి నాలుగు మూలలా మేకులు పాతించాడు. వాటికి కట్టిన పురికొస సరిగ్గా సీమపనస మొదలు మీంచి పోయింది. ఇక నాకు మనవాళ్ల ఇళ్లూ లేవు, దొర గుర్రాలూ లేవు. మధ్యాహ్నం అందరూ గుడారంలో తింటుంటే నాలుగు మేకులూ పీకి, ఏడడుగులు అవతల పాతేశాను. నేర్పించింది వాళ్లే కాబట్టి మూలలు చక్కగానే కుదిరాయి.

డాక్టర్ లిండో తిరిగొచ్చి టేపు పెట్టి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. తలెత్తి నావైపు చూశాడు. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. బొడ్డుతాడు, పోయిన రెండు కడుపులు, ఇప్పటి ఏడో నెల, అన్నీ చెప్పేశాను. వెళ్లగొడతాడనుకున్నాను, పోలీసులొస్తారేమో అని కూడా అనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీరు ముందే చెప్పాల్సింది కదా మిస్ డల్సీ! ఇంతకంటే విలువైంది ఈ నేలలో నాకేం దొరుకుతుంది?"

మూడు రోజుల్లో చెట్టు చుట్టూ తెల్లతాడు కట్టించాడు. బోర్డు కూడా వచ్చింది: "సజీవ వారసత్వం. ఈ చెట్టు కింద గ్రామవాసి ఒకరి బొడ్డుతాడు ఉంది. తాడు లోపల తవ్వరాదు." బస్సుల్లో వచ్చిన వాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగడం మొదలుపెట్టారు.

కెరీన్ పొట్ట పట్టుకుని నా మీదికొచ్చింది. "నా బొడ్డుకి బోర్డు పెట్టించావా అమ్మా! దుకాణంలో బ్రెడ్డు కొనబోతే 'వారసత్వం వచ్చింది, దారివ్వండి' అంటున్నారు!"

"అననీ. తవ్వరు కదా."

వసారాలో బఠానీలు ఒలుస్తున్న మిస్ ఎస్మీ నవ్వడం మొదలుపెట్టింది. ఎనభై నాలుగేళ్ల మనిషి, నవ్వీ నవ్వీ ఆయాసపడింది.

"ఎందుకు మిస్ ఎస్మీ?"

"ఆ చెట్టు కాదే డల్సీ."

"ఏ చెట్టు కాదు?"

"కెరీన్‌ది అది కాదు. దానిది ఇంకో చెట్టు, ఇవతల ఉండేది. గిల్బర్ట్‌కి వేళ్లతో సహా లేచిపోయింది. మీ మామగారు నరికి బొగ్గులు కాల్చాడు. ఆ బొగ్గుల మీదే ఏడాదంతా వండుకున్నాం. నువ్వూ తిన్నావ్."

"మరి నాకెందుకు అది చూపించారు?"

"చెప్తే ఆ పిల్లని ఇల్లు కదలనిచ్చేదానివా? మంచానికి కట్టేసి ఉండేదానివి. చూడు, చెట్టు పోయి ఇన్నేళ్లైంది, దుక్కలా లేదూ?"

కెరీన్ కడుపు పట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. దుక్కలా ఉందా? మరి ఆ రెండుసార్లు ఏమైనట్టు? ఆ మాట పైకి అనలేదు. కెరీన్ ముఖంలో నవ్వు కాసేపు ఉండనిద్దామనిపించింది. డాక్టర్ లిండోకు కూడా చెప్పలేదు. బోర్డుకు రంగు కూడా ఇంకా ఆరలేదు, పాపం.

తవ్వకాలు ఇంకో పది రోజుల్లో ముగుస్తాయనగా కెరీన్ కన్నది. ఆడపిల్ల, ఏడు పౌన్లు. నేను ఊహించుకున్న కీడుల్లో ఒక్కటీ జరగలేదు. జరగనందుకు ఇంకో రకం భయం పట్టుకుంది. ఆరో రోజున బొడ్డు ఊడింది. ఈసారి పాతేది నేనే, నా కళ్లతో చూస్తూ పాతుతాను అన్నాను. ఏ చెట్టు? ఇంకెవరూ నరకని చెట్టు, తాడు కట్టిన చెట్టు.

డాక్టర్ లిండో ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "తాడు లోపల తవ్వకూడదని మనమే రాశాం కదా మిస్ డల్సీ. శిక్షణ ఉన్న వాలంటీర్లకైతే కుదురుతుంది. అదీ ఎంత లోతు, ఏం దొరికింది అని కాగితం నింపితేనే."

"నాకు శిక్షణ మీరే ఇచ్చారుగా."

ఆయన సంతోషంగా కాగితం ఇచ్చి, ఇది మీ ఇంటి వ్యవహారం అని గుడారంలోకి వెళ్లిపోయాడు.

మిస్ ఎస్మీ గొడుగు పట్టుకుంది. నేను గీకాను. ఇప్పుడిక నాకు గుండ్రంగా తవ్వడం రాదు, మూలలు వాటంతటవే వస్తాయి. మామూలుగా జానెడు చాలు. తుఫాను సంగతి విన్నాక నాకు చాల్లేదు. మోచేతి లోతుకు వెళ్లాను. తాపీ టక్కుమంది.

గట్టిగా తొక్కిన నేల. సున్నం కలిపి, చేత్తో అలికిన నేల. చేతివేళ్ల గీతలు కూడా ఉన్నాయి. ఓ పక్క మసిబారిన మూడు పొయ్యిరాళ్లు. గోడ మూలనుండే చోట నేలలో చిన్న గుంట, అందులో బోర్లించిన మట్టికుండ. పడిపోయిన కుండ కాదు. ఎవరో ఇల్లాలు మోకాళ్ల మీద కూర్చుని, చుట్టూ మట్టి అదిమి పెట్టిన కుండ. నేనిప్పుడు కూర్చున్నట్టే కూర్చుని ఉంటుంది.

మూడేళ్లుగా ఆయన వెతుకుతున్న ఇల్లు అదే.

"పిలుస్తావా?" అంది మిస్ ఎస్మీ. ఆవిడ గొంతులో ఈసారి నవ్వు లేదు.

పిలిస్తే తాడు విప్పుతారు. చదరం తెరుస్తారు, చెట్టు తీస్తారు, ఆ కుండ పెట్టెలో కింగ్‌స్టన్ వెళుతుంది. మనవాళ్లు ఇక్కడ కాపురం చేశారని అందరికీ తెలుస్తుంది. తెలియాలి కూడా. పిలవకపోతే? ఈ ఇంటి ఇల్లాలు ఉంటే ఏమనేదో అనుకున్నాను. ఆ కుండను దొర కంట పడకుండా దాచిన మనిషి ఆవిడ. బిడ్డ ముందా, ఇల్లు ముందా అని ఆవిణ్ణి అడగనక్కర్లేదనిపించింది. అయినా నా మనవరాలికి ఆరు రోజులు. నాకు అంతకు మించి ఆలోచన పోలేదు.

గుడ్డలో చుట్టిన బొడ్డును ఆ కుండ పక్కన పెట్టి, గొయ్యి పూడ్చి, కాలితో తొక్కాను.

కాగితంలో లోతు నిజమే రాశాను. ఏం దొరికింది అన్నచోట "వేర్లు, రాళ్లు" అని రాశాను. డాక్టర్ లిండో చదివి నిట్టూర్చాడు.

"ఇక్కడా లేదన్నమాట. ఏదో ఆశపడ్డాను." తర్వాత నావైపు చూశాడు. "మీ చేతులు వణుకుతున్నాయేం మిస్ డల్సీ?"

"నా చేతులెప్పుడు వణకలేదు డాక్టరుగారూ?"

"అదీ నిజమే" అని నవ్వి, కాగితం కింద సంతకం చేశాడు.