కరెంటు తిరిగి వెళ్లే దారి

ఈరప్ప బండిలోని పెట్రోలు అమ్ముకుంటున్నాడనీ, తగ్గిన చోట కిరసనాయిలు కలుపుతున్నాడనీ హనుమంతరాయుడు గారు పెట్రోలు బంకులోనే అనేశారు. పక్కన లారీ డ్రైవర్లున్నారు. ట్యాంకు మూత పట్టుకొని ఈరప్ప నిలబడి ఉన్నాడు. బండిని ఆఫీసుకు తెచ్చి, తాళం మేకుకు తగిలించి, ఇంటికి నడిచి వెళ్లిపోయాడు.

హనుమంతరాయుడు గారు మా సేవాసంస్థకు కార్యదర్శి. ఆయనది ధర్మవరంలో పట్టు నేసే కుటుంబం. క్రమశిక్షణ గల మనిషి. నేను అప్పట్లో అనంతపురంలో భౌతికశాస్త్రం బోధిస్తూ, సెలవు దినాల్లో ఆ సంస్థ పనులు చూసేదాన్ని. ఎనభైల మొదటి సంవత్సరాలవి. వానలు వరసగా తప్పి, నల్లమాడ వైపు పల్లెల్లో నిండు గర్భిణులు కూడా నీళ్ల కోసం దూరాలు నడుస్తున్న కాలం. డాక్టరమ్మనూ మందులనూ ఆ పల్లెలకు చేర్చేదీ, కాన్పులకు ఆడవాళ్లను ఆసుపత్రికి తెచ్చేదీ ఒకే ఒక వ్యాన్. దాన్ని నడిపేది ఈరప్ప.

ఆ వ్యాన్ జర్మనీ దాతలు వాడి, పాతబడ్డాక మద్రాసు ఓడరేవు మీదుగా మాకు పంపినది. ఇంజను వెనకభాగంలో ఉండేది. పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటరు దానికి లేదు. ఒక్కొక్క సిలిండరు ముందు ఒక్కొక్క ఇంజెక్టరు ఉండి, కరెంటు అందిన క్షణంలో తెరుచుకొని పెట్రోలు చిమ్మేది. ఎప్పుడు తెరవాలో, ఎంతసేపు తెరవాలో సీటు కింద ఉన్న ఒక రేకుపెట్టె నిర్ణయించేది. అలాంటి బండి జిల్లాలో మరొకటి ఉన్నట్టు నేను వినలేదు.

ఎండాకాలం మొదలయ్యాక బండి దారిలో దగ్గుతూ ఆగడం మొదలుపెట్టింది. గతుకుల రోడ్డులో ఆగేది. కాసేపు నిలబెడితే మళ్లీ కదిలేది. షెడ్డుకు తీసుకుపోతే ఏ జబ్బూ లేనట్టు నడిచేది. మెకానిక్ మారెప్ప మొదట కార్బొరేటరు కోసం వెతికి, దొరకక నవ్వాడట. గుండెకాయ లేని మనిషి తన దగ్గరికి వైద్యానికి వచ్చినట్టుందని అన్నాడట. ఫిల్టరు మార్చాడు, ట్యాంకు కడిగాడు, ప్లగ్గులు తుడిచాడు. అయినా బండి ఆగింది. బండిలో తప్పేమీ కనిపించడం లేదు కనుక తప్పు పెట్రోలులోనే ఉండాలని తేల్చాడు. అతని ఉద్దేశం బంకువాళ్ల కల్తీ. ఆ మాట హనుమంతరాయుడు గారి దగ్గరికి వచ్చేసరికి, అదే బంకులో పోయించుకునే జీపులన్నీ బాగానే నడుస్తున్నాయి కదా అన్న ప్రశ్న పుట్టింది. ఆ ప్రశ్నకు ఆయనకు తోచిన జవాబు ఈరప్ప.

మరునాడు ఈరప్ప మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గడప బయటే నిలబడి మాట్లాడాడు.

"పని పోతే పోనీ మేడం. రాళ్లు కొట్టుకోనైనా బతుకుతా. దొంగ అన్న మాట మాత్రం నా మీద ఉండకూడదు. మా నాయన గొర్రెలు కాసినోడు, ఒకరి గొర్రె పిల్ల కూడా ముట్టినోడు కాదు. ఈ మాట ఆయన చెవిన పడితే అన్నం తినడు."

పెట్రోలు అమ్మలేదని నిరూపించడం ఎవరి తరమూ కాదు. జరగని పనికి ఆనవాళ్లుండవు. బండి ఇంకొక కారణం వల్ల ఆగుతోందని చూపడం ఒక్కటే మిగిలిన మార్గం. కళాశాల ప్రయోగశాల నుంచి అనుమతితో కరెంటు కొలిచే మల్టీమీటరు తీసుకొని, బుక్కరాయసముద్రం దారిలో ఉన్న మారెప్ప షెడ్డుకు వెళ్లాను. వ్యాన్‌ను ఈరప్పే అక్కడికి తెచ్చాడు.

ముందుగా ట్యాంకులోని పెట్రోలు కొద్దిగా గాజుపలక మీద పోశాను. కిరసనాయిలు కలిసి ఉంటే మిగలవలసిన జిడ్డు మిగలకుండా అది ఎగిరిపోయింది. ఈ రోజు మంచిదైనంత మాత్రాన ఆ రోజు మంచిదని కాదు గదా అని మారెప్ప అన్నాడు. నిజమే. కార్యదర్శి కూడా అదే అంటారు.

ఇంజను నడుస్తుండగా మారెప్ప పొడవాటి స్క్రూడ్రైవరు కొనను ఒక్కొక్క ఇంజెక్టరుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. అన్నీ టిక్కు టిక్కుమంటున్నాయన్నాడు. ఈరప్పను బండి వెనకభాగాన్ని పట్టి ఊపమన్నాను. అతను బలంగా ఊపాడు. ఇంజను దగ్గింది.

"నిల్చిపోయిందమ్మా," అన్నాడు మారెప్ప, స్క్రూడ్రైవరు చెవి నుంచి తీయకుండా. "అన్నీ ఒకేసారి నిల్చినాయి."

అతను ఆశ్చర్యంతో అన్న ఆ మాటలో నాకు కావలసిన ఆధారం దొరికింది. ఇంజెక్టర్లు పాడైతే ఒక్కొక్కటిగా పాడవుతాయి. అన్నీ కలిసి మూగబోయాయంటే లోపం వాటిలో లేదు, అవన్నీ పంచుకునే చోట ఉంది. వాటి తీగచుట్టల నిరోధం కొలిచాను. అన్నీ సమానంగా ఉన్నాయి. రేకుపెట్టె నుంచి వాటికి కరెంటు వస్తోంది. అయితే వచ్చిన కరెంటు పని చేశాక బ్యాటరీకి తిరిగి వెళ్లాలి. ఆ తిరుగు తీగలన్నీ ఒకే కొసగా కలిసి, ఇంజనుకు ఒక బోల్టుతో బిగించి ఉన్నాయి. దానినే మెకానిక్కులు ఎర్త్ అంటారు. మీటరు ఒక కొనను ఆ తీగకొసకూ, రెండవదాన్ని ఇంజను లోహానికీ తగిలించి, ఈరప్పను సెల్ఫ్ కొట్టమన్నాను. ఆ రెంటినీ ఒకే బోల్టు కలుపుతోంది గనుక మధ్యలో తేడా దాదాపు ఉండకూడదు. ముల్లు లేచి ఊగింది. ఇంజెక్టర్లకు చేరవలసిన బలంలో పెద్ద భాగం ఆ కీలు దగ్గరే ఖర్చవుతోంది.

మారెప్ప ఆ బోల్టు వైపు చెయ్యి చాపి, మధ్యలోనే ఆపాడు.

"ఏమప్పా ఈరప్పా, ఈడ చెట్టు నాటినావా?"

బోల్టుకు రాగి తీగతో కట్టి, ఎండి నల్లబడిన ఒక నిమ్మకాయ. దాని కింద పాత నిమ్మకాయల తొక్కలు జిగురుగా అంటుకొని ఉన్నాయి. తీగకొస మీద పచ్చటి చిలుము పేరుకుంది. కొసను పట్టి కదిలించగానే తీగలోని పోగులు చాలావరకు పొడిగా రాలి, కొన్ని మాత్రమే మిగిలాయి. నిలకడగా ఉన్నప్పుడు అవి ఆనుకొని ఉండేవి, గతుకులో విడిపోయేవి.

ఈరప్ప నేల మీద కూర్చుండిపోయాడు. ప్రతి అమావాస్యకూ దిష్టి పోవడానికి బండి ముందు నిమ్మకాయ కట్టడం అతని అలవాటు. ఈ ప్రాంతంలో కట్టని డ్రైవరు లేడు. జర్మనీ దాతలు బండిని ఫోటో తీయడానికి వస్తున్నారని తెలిసి, ముందు ఏమీ వేలాడకూడదని హనుమంతరాయుడు గారు ఆదేశించారు. ఈరప్ప కాయను ముందు నుంచి తీశాడు. కానీ నిండు గర్భిణులు ఎక్కే బండిని కాపు లేకుండా నడపడానికి అతనికి మనసొప్పలేదు. ఇంజను వెనక ఉంది కనుక కాపు కూడా వెనకే ఉండవచ్చని తనకు తాను సమాధానం చెప్పుకున్నాడు. ఎవరికీ కనపడని చోటు వెతికి, కట్టడానికి అనువుగా ఉన్న బోల్టును ఎంచుకున్నాడు. ఇంజను వేడికి కాయ పగిలి, పుల్లటి రసం కారి, తీగకొసలోకి దిగింది. పుల్లటి రసం, రెండు లోహాలు, పారుతున్న కరెంటు కలిసిన చోట లోహం కరగడం మామూలే.

మారెప్ప కుళ్లిన భాగాన్ని కోసి, కొత్త కొస అతికించి, బోల్టును గీరి బిగించాడు. ముల్లు ఇక లేవలేదు. ఎంత ఊపినా ఇంజను దగ్గలేదు. చేతులు తుడుచుకుంటూ అతను మెల్లగా అన్నాడు:

"తుప్పు పట్టిందని చెప్పేయండి మేడం. అబద్ధం కాదు గదా. కాయ సంగతి ఎందుకు? వద్దన్న పని చేసినాడని ఆయప్ప ఇంటికి పంపిస్తాడు."

ఈరప్ప నా వైపు చూశాడు. నేను ఆలోచించాను. తుప్పు అని చెబితే, తుప్పు ఎందుకు పట్టిందన్న ప్రశ్న మిగులుతుంది. కారణం సగం చెప్పిన చోట అనుమానం మళ్లీ చేరుతుంది. ఈ మనిషి మీద పడ్డ మాటకు కూడా అలా సగం తెలిసిన సంగతే మూలం. అయినా ఆ కాయ నేను కట్టింది కాదు, పోయేది నా ఉద్యోగం కాదు. నిర్ణయం అతనిదేనని చెప్పాను.

సాయంత్రం ఆఫీసులో నేను కొలతలు వివరిస్తుండగా, ఈరప్ప మధ్యలో అందుకొని కాయ కట్టింది తానేనని చెప్పేశాడు. హనుమంతరాయుడు గారు, తాను కట్టవద్దన్నప్పుడు ఎదురు చెప్పి ఉండవలసిందని ఒకసారి, ఆదేశమంటే ఆదేశమేనని ఒకసారి అన్నారు. చివరకు మేకు మీది తాళం తీసి బల్ల మీద ముందుకు జరిపారు.

"రేపు నల్లమాడకు పో. ఆ మాట ఇంక మర్చిపో."

ఈరప్ప తాళం ముట్టుకోలేదు.

"బంకులో అన్నారు సార్. ఆడనే చెప్పండి. కాయ కట్టి బండి చెడగొట్టినోణ్ని నేనని నేనే చెప్తా. పెట్రోలు అమ్మలేదని మీరు చెప్పండి."

అది జరిగే పని కాదని కార్యదర్శి అన్నారు. లారీల వాళ్ల ముందు తాను నిలబడితే సంస్థ మర్యాద ఏం కావాలని నన్ను అడిగారు. ఏ లారీల వాళ్ల ముందు ఆ మాట అన్నారో వాళ్లలో కొందరైనా మళ్లీ అక్కడే పోయించుకుంటారని, ఆ నింద అక్కడే నిలిచి ఉంటుందని మాత్రం చెప్పాను. తెల్లారితే నల్లమాడలో డాక్టరమ్మ కోసం ఆడవాళ్లు కాచుకొని ఉంటారు. బండి నడపగలిగిన మనిషి ఇంకొకరు లేరు. ఆయన కండువా సర్దుకొని లేచారు.

ముగ్గురం వ్యాన్‌లో వెళ్లేసరికి బంకులో రెండు లారీలున్నాయి. ఈరప్ప ముందుగా తన సంగతి చెప్పుకున్నాడు. నిమ్మకాయ బండిని ఆపిందని విని ఒక డ్రైవరు పగలబడి నవ్వాడు. అతను నవ్వడం అయ్యేదాకా ఈరప్ప ఆగాడు. తరువాత హనుమంతరాయుడు గారు, పెట్రోలు విషయంలో తాను పొరబడ్డానని, బంకు యజమాని బసప్పకు మాత్రమే చెబుతున్నట్టు చెప్పారు.

మరునాటి ప్రయాణానికి పెట్రోలు పోయించుకోవాలి, అయినా ఈరప్ప ట్యాంకు మూత తీయలేదు.

"ఆ లారీ అన్నకు వినపడలేదు సార్," అన్నాడు.

హనుమంతరాయుడు గారు గొంతు సవరించుకొని, లారీ వైపు తిరిగి, ఈసారి పెద్దగా చెప్పారు.