బావ బిగించిన సెన్సార్

మా అక్క మొగుడూ నేనూ ఒకే ప్రయోగశాలలో పనిచేసేవాళ్ళం. తుపాకీ పేల్చాక, అరచేతిలో పట్టేంత గుండు గాల్లో ఉండగానే తన రెక్కలు తానే తిప్పుకుని గురి సరిచేసుకోవాలి. ఎనిమిదేళ్ళుగా అదే మా పని. గుండు ఎటు తిరుగుతోందో చెప్పే సెన్సార్‌ను బావ బిగించేవాడు, రెక్కలను నడిపే ప్రోగ్రామ్ నేను రాసేవాణ్ణి. "నీ లెక్కలన్నీ నా స్క్రూల మీదే నిలబడ్డాయోయ్" అని ఏడిపించేవాడు. బావంటే నాకు ప్రాణం.

పరీక్షకు ముందురోజు సాయంత్రం రిజిస్టర్‌లో బిగింపు ఫోటో చూస్తే సెన్సార్ తలకిందులుగా ఉంది. చెబితే పెద్దసారు పదిమందిలో బావను కడిగేస్తాడు. అందుకని ఆ తిరకాసు సరిపోయేలా ప్రోగ్రామ్‌లో ఒక ప్లస్‌ను మైనస్ చేసి ఊరుకున్నాను. పైగా నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు గుండు గురి వదిలేసి పక్కకు తిరిగింది, ఇంకా తిరిగింది, కెమెరా దగ్గరున్న బావ ఛాతీలో దిగింది. అందులో పేలుడు మందు లేదు, ఉత్త ఇనుమే. బావకు అదే చాలింది.

లోపలి భాగాలు నుజ్జయిపోయాయి. విచారణ కమిటీ చేతిలో మిగిలింది ఆ ఫోటో ఒక్కటే. తప్పు బావదేనని రాయబోతున్నారు. నేను నోరు మెదపలేదు, పిరికివాణ్ణి.

పదకొండో రోజు అక్క నన్ను పిలిచింది.

"మీ బావ తప్పు లేదురా. తిరగేసి బిగించానని ఆ సాయంత్రమే గుర్తొచ్చిందట. పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి సరిగ్గా తిప్పి పెడతానని చెప్పి, అలాగే వెళ్ళాడు. 'మీ తమ్ముడికి చెప్పకు, ఏడాదంతా నవ్వుతాడు' అన్నాడు. కమిటీకి నువ్వు చెప్పరా. నా మాట వాళ్ళెవరూ వినడంలేదు."

 అక్క ఎదురుగా కూర్చున్నాను.

"అక్కా, నేనూ దిద్దాను. ప్రోగ్రామ్‌లో. బావకు చెప్పలేదు. ఇద్దరం దిద్దేసరికి రెక్కలు ఎదురు తిరిగాయి. రేపే వెళ్ళి కమిటీకి అంతా చెబుతాను."

అక్క నన్ను తిట్టలేదు, కొట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే స్కూటర్ మీద వచ్చారు కదరా. దారంతా ఏం మాట్లాడుకున్నారు?"

"వెనక టైరు మార్చాలా, ఇంకో నెల లాగుతుందా అని."