చెక్క మెషిన్ మీద చెయ్యి

"ఇస్సాకూ, ఆ కుర్చీల నుంచి లే. జర దూరం జరుగు," అన్నాడు కిషన్ రావు. గొంతు పెంచలేదు. అయినా హాల్లో అందరికీ వినబడింది.

ఇస్సాకు లేచాడు. అతని ముందున్న టేబుల్ మీద కిషన్ రావు చెస్ మెషిన్ ఉంది. నలభై ఏళ్ల కిందటి జర్మనీ సరుకు. బోర్డంతా నల్లటి చెక్క, గళ్ల మూలల్లో ఎర్ర దీపాలు. పొద్దుటి నుంచి ఒక్కో ఎత్తుకు నిమిషాల తరబడి ఆలోచించిన ఆ మెషిన్, ఇస్సాకు మెషిన్‌తో ఫైనల్ మధ్యలో అందరూ టీ తాగొచ్చి కూర్చోగానే, కన్ను మూసి తెరిచేలోగా తన క్వీన్‌ను తీసుకెళ్లి ఒక బంటు నోట్లో పెట్టింది.

రెఫరీ పద్మలత వంగి లెవెల్ బటన్ నొక్కింది. చిన్న తెర మీద ఒకటి అంకె వెలిగింది. అది పిల్లలు ఆడుకునే లెవెల్. ఆట మొదలుపెట్టినప్పుడు అందరి ముందూ ఎనిమిదిలో పెట్టారు.

"ఎవరో తగ్గించిన్రు," అంది పద్మలత.

"ఎవరో ఏంది మేడం. ఫైనల్ మొదలైనంక దాని మీద చెయ్యేసింది ఒక్కడే గదా," అన్నాడు యాకయ్య. మరిపెడలో ఎరువుల దుకాణం అతనిది. సెమీస్‌లో ఇస్సాకు చేతిలోనే ఓడిపోయాడు.

పాత చెస్ మెషిన్లు పోగుచేసేవాళ్ల క్లబ్బు అది. అందులో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి మెషిన్‌ను వాళ్లు ముట్టకూడదు. నా మెషిన్ బటన్లు నువ్వు నొక్కాలి, నీ మెషిన్ బటన్లు నేను నొక్కాలి. మోసం జరగకుండా ఈ పద్ధతి పెట్టింది ఇస్సాకే. క్లబ్బు పెట్టింది కూడా అతనే. హనుమకొండలో తన ఫొటో స్టూడియో వెనక గదిలో, రెండు ప్లాస్టిక్ మెషిన్లతో మొదలైంది. ఇప్పుడు మడికొండలో పద్మలత వాళ్ల అపార్ట్‌మెంట్ హాలు దాకా వచ్చింది.

"పోయిన వారం చాయ్ హోటల్ల ఏమన్నవ్ ఇస్సాకన్నా? ఆ చెక్క డబ్బా కాలిపోతే నా కడుపు సల్లగైతదనలే?" యాకయ్య వదల్లేదు.

అన్నాడు. కాదనడానికి లేదు. కిషన్ రావు ఆ మెషిన్‌ను మొదటిసారి తెచ్చిన రోజు నుంచి ఇస్సాకుకు అన్నం సహించడం లేదు. అంతకుముందు అందరూ అతని చుట్టూ మూగేవాళ్లు. చెడిపోయిన బటన్ చూపించేవాళ్లు, సలహా అడిగేవాళ్లు. ఇప్పుడు ఆ చెక్క చుట్టూ మూగి ఫొటోలు దిగుతున్నారు. "నీ ప్లాస్టిక్‌ది కూడ మంచిదే తమ్మీ, దాన్ని చూస్తే నా చిన్నప్పటి రేడియో యాదికొస్తది," అని కిషన్ రావు భుజం తట్టినప్పుడైతే, ఇస్సాకు లోపల ఏదో సలసలా కాగింది.

ఇవాళ టీ టైంలో అందరూ కిందికి వెళ్లాక అతను ఒక్కడే పైకి వచ్చాడు. చెక్క మెషిన్ పక్కన నిలబడ్డాడు. లెవెల్ బటన్ ఎక్కడుందో తెలుసు. రెండు నొక్కులు చాలు. చెయ్యి అక్కడిదాకా పోయింది కూడా. తన మీద తనకే రోత పుట్టి వెనక్కి తీసుకున్నాడు. ఆ మాట ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు?

"నాకు గెలుపొద్దు, కప్పొద్దు. ఆట రద్దు చెయ్యిర్రి. ఇస్సాకును క్లబ్బుల నుంచి తీసెయ్యిర్రి. గంతే," అన్నాడు కిషన్ రావు.

క్లబ్బు నుంచి తీసేస్తే ఇస్సాకుకు మిగిలేది దొంగ అన్న పేరు ఒక్కటే.

"నేను జెయ్యలే," అన్నాడు. తన గొంతు తనకే దొంగగొంతులా వినిపించింది.

పద్మలత ఇద్దరి మధ్యకు వచ్చింది. "రద్దు తర్వాత చూద్దాం. ముందు రెండు మెషిన్లనూ టీకి ముందున్న ఎత్తు దాకా వెనక్కి తీసుకపోదాం. మళ్ల సరైన లెవెల్‌తోటి ఆడిద్దాం. తేడా ఏందో అందరం చూస్తం."

"రెండెందుకమ్మా? చెడగొట్టింది నా దాన్ని గదా. అతని డబ్బాను ముట్టుడెందుకు?" అన్నాడు కిషన్ రావు, కొంచెం తొందరగా.

పద్మలత అప్పటికే ఇస్సాకు ప్లాస్టిక్ మెషిన్ ముందు కూర్చుంది. చివరి ఎత్తును వెనక్కి తీసి, మళ్లీ ఆలోచించమని బటన్ నొక్కింది. అందరూ చుట్టూ మూగారు. మెషిన్ ఆలోచించి టీకి ముందు వేసిన ఎత్తునే వేసింది. ఆ వెంటనే తెర మీద ఇంకో వరస వెలిగింది. నాలుగు ఎత్తుల్లో మేట్.

"అంటే టీకి ముందే ఇస్సాకన్న మెషిన్ గెలిచింది," అంది పద్మలత నెమ్మదిగా. "ఇది దీన్ని నడిపేవాళ్లకే కనబడ్తది. కనబడంగనే అందరికీ చెప్పాలె, మన రూలు. దీన్ని నడిపింది మీరే గదా సార్?"

"నాకు అద్దాలు సరిగ్గ లెవ్వు. చూడలే."

యాకయ్య ఇస్సాకు వైపు చూశాడు, కిషన్ రావు వైపు చూశాడు, ఆ తర్వాత నేల చూశాడు. గెలిచినవాడికి దొంగతనం చేయాల్సిన పనేముంది? ఆ చెక్క మెషిన్ ఒక ప్లాస్టిక్ డబ్బా చేతిలో ఓడిపోతుందని ముందే తెలిసినవాడు ఒక్కడే. ఇస్సాకుకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ తానొక్కడే ఓర్వలేక కుళ్లిపోతున్నాననుకున్నాడు.

కానీ వర్ధన్నపేటలో అంత పేరున్న పెద్దమనిషిని ముఖం మీద అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

"ఇస్సాకుకు గెలుస్తున్నట్టు తెల్వది గదా. కుళ్లుతోటి చేసిండు," అన్నాడు కిషన్ రావు.

పద్మలత కిటికీ వైపు తిరిగింది. అక్కడ కిషన్ రావు భార్య సుకన్య కూర్చుని ఉంది. మోకాళ్ల నొప్పులని టీకి కిందికి దిగలేదు. ఇంతసేపూ ఆమెను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, టీ టైంలో పైకి వచ్చిన ఇస్సాకు కూడా ఆమెను గమనించలేదు.

"వదినా, మీరు ఈడనే ఉన్నరు గదా. ఎవరొచ్చిన్రు?"

"గప్పటి సంది చూస్తున్న, ఎవరన్న అడుగుతరేమోనని," అంది సుకన్య. "ఇస్సాకు తమ్ముడొచ్చిండు. చెయ్యి చాపిండు. మల్ల ఎనక్కి తీసుకొని, తలకాయ వంచుకొని పోయిండు. బటన్ ముట్టలే."

ఇస్సాకుకు కళ్లు మసకబారాయి.

"ఆయన పోయినంక ఇంకొకలొచ్చిన్రు. నన్ను చూసి, నోరు తెరవకని సైగ చేసిన్రు. బటన్ నొక్కిన్రు."

"సుకన్యా," అన్నాడు కిషన్ రావు.

"ఎవరు వదినా?"

పెళ్లయిన నాటి నుంచి ఆమె 'మా సారు' అనడమే తప్ప, మరోలా పిలవగా ఆ హాల్లో ఉన్నవాళ్లెవరూ వినలేదు.

"కిషన్ రావు," అంది సుకన్య.