చొట్ట చూసి పెట్టిన సంతకం

నేను ఒక అనుమతి పత్రాన్ని. చిత్తు కాగితం అనుకోకండి. హెడ్మాస్టరు గారు మూడు రోజులు బుర్ర గోక్కుని రాసిన నాలుగు వాక్యాలు నా మీద ఉన్నాయి. ఒకే కాగితం మీద నాలాంటి పత్రాలు రెండు జిరాక్సు తీయించి, నడుమ స్కేలు పెట్టి చించడంతో బడి ముద్రలో సగమే నాకు దక్కింది. అయినా నా హోదాకేం లోటు లేదు.

మా హైస్కూలు లైబ్రరీలో ఎదిగే వయసు పిల్లల కోసం రాసిన కథల పుస్తకాలు ఒక అద్దాల బీరువాలో ఉంటాయి. ఆ వయసు పిల్లలు చదివేస్తారేమోనని దానికి తాళం వేశారు. తల్లో తండ్రో నా మీద 'అనుమతిస్తాను', 'అనుమతించను' అన్నవాటిలో ఒకదానికి టిక్కు పెట్టి సంతకం చేయాలి. అప్పటిదాకా పుస్తకం బీరువా దాటకూడదు.

తొమ్మిదో తరగతి హరిణికి అందులోని నీలం అట్ట పుస్తకం మీద మనసైంది. ఇంకో నెలలో పదో తరగతికి వెళ్ళిపోతుంది. పదో తరగతి పిల్లలు మా లైబ్రరీ గడప తొక్కకూడదు, వాళ్ళకు స్టడీ అవర్లే. ఇప్పుడు చదవకపోతే ఇక లేనట్టే. అందుకే నన్ను లెక్కల నోట్సులో పెట్టుకుని ఇంటికి పరిగెత్తింది.

వాళ్ళ నాన్న కోటిలింగానికి టెంట్ హౌస్ ఉంది. పెళ్ళిళ్ళకు పోయిన గిన్నెలు తిరిగొస్తే, ఒక్కొక్కటీ ఎత్తి చొట్ట చూసిగానీ లోపల పెట్టడు. నన్నూ అలాగే ఎత్తి తిప్పి చూశాడు.

"సరుకు చూడకుండా సంతకం ఎట్టా పెడతానే? ముందు ఆ పుస్తకం చూడాల."

మర్నాడు భోజనం బెల్లుకు బడికొచ్చాడు. సంతకం లేనిదే పుస్తకం ఇవ్వనంది లైబ్రరీ మేడమ్ విజయరత్నం. పుస్తకం చూడనిదే సంతకం పెట్టనన్నాడు కోటిలింగం. చివరికి మేడమే దారి కనిపెట్టింది. పుస్తకాన్ని బీరువా లోపలే అద్దానికి ఆనించి తెరిచింది. పక్క తలుపు కాస్త తీసి, చెయ్యి మాత్రం లోపలికి పోనిచ్చి పేజీలు తిప్పసాగింది. పుస్తకం బీరువా దాటలేదు. రూలు భద్రంగా ఉంది.

కోటిలింగం చదువు ఐదో తరగతితో ఆగింది. కూడబలుక్కుంటూ సగం పేజీకొచ్చేసరికి మేడమ్ చెయ్యి తిమ్మిరెక్కింది.

"హరిణీ, నువ్వు చదివి వినిపించమ్మా. నువ్వు చదవొచ్చో లేదో మీ నాన్న విని చెబుతారు."

నేను ఉలిక్కిపడ్డాను. 'నేనింకా ఖాళీగానే ఉన్నానండీ!' అని అరవాలనిపించింది. నా గోడు ఎవరికి పట్టింది? హరిణి నవ్వాపుకుని గొంతు సవరించుకుంది.

రోజూ భోజనం బెల్లులో ఇదే తంతు. రెండో రోజు కోటిలింగం మూడు కుర్చీలు తెచ్చి వేశాడు. నాలుగో రోజు ఎండ కొడుతోందని కిటికీకి షామియానా గుడ్డ కట్టాడు. కథలో వసుధ అనే పిల్ల తనకొచ్చిన ఉత్తరాన్ని జామెట్రీ బాక్సులో దాచి, ఇంట్లో చెప్పలేక నలిగిపోతోంది.

"వాళ్ళ నాన్నతో చెప్పొచ్చుగా?" అన్నాడు కోటిలింగం ఉండబట్టలేక.

"తిడతాడని భయం నాన్నా."

"తిడతాడు. తిట్టి, మళ్ళీ అన్నం తిన్నావా అని అడగడూ?"

హరిణి నాన్న వైపు ఓసారి చూసి, చదివిన వాక్యమే మళ్ళీ చదివింది. కాగితాన్నే అయినా నాకూ ఏదోలా అనిపించింది.

పదో రోజు కథ అయిపోయింది. కోటిలింగం తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, పెన్ను అడిగి, బాగా ఆలోచించి 'అనుమతించను' దగ్గర టిక్కు పెట్టి సంతకం చేశాడు.

"చొట్టేం లేదు మేడమ్ గారూ, మంచి పుస్తకమే. కాకపోతే పిల్ల ఇంకా చిన్నది. ఇట్టాంటివి ఇప్పుడే చదవకూడదు."

"సరే నాన్నా," అంది హరిణి బుద్ధిగా. "దీనికి రెండో భాగం కూడా ఉంది."

లేవబోయినవాడు మళ్ళీ కూర్చున్నాడు. "అట్టాగా? అయితే అదీ చూడాల్సిందే. ఇంకో కాగితం ఇవ్వండి."

హరిణి ఇప్పుడు పదో తరగతి. పదో తరగతి పిల్లలు లైబ్రరీకి రాకూడదని రూలుంది గానీ, తనిఖీకొచ్చిన తండ్రికి చదివి వినిపించకూడదని లేదు. నేను ఫైల్లో ఉన్నాను. నా మీద ఇంకో ఐదు కాగితాలు చేరాయి. అన్నింటి మీదా అదే టిక్కు, అదే సంతకం. ఆ బీరువాలో హరిణి చదవకుండా ఆపాల్సిన పుస్తకాలు ఇక మూడే మిగిలాయి.